చచ్చినవాడు పలక్కూడదు

ఆ నాటకంలో రాకాసి చావడం చూసి తీరవలసిన ముచ్చట. కత్తి పొట్టలో దిగగానే పడిపోడు. ముందు నమ్మలేనట్టు కత్తివైపు చూస్తాడు. తర్వాత కత్తి పట్టుకున్నవాడివైపు చూస్తాడు. ఆ తర్వాత టికెట్టు కొని మరీ తన చావు చూడ్డానికి వచ్చిన జనాన్ని ఒక్కసారి కలయజూసి, హాలు దద్దరిల్లేలా రంకె వేసి, రంగస్థలం నడిమధ్య తెరుచుకున్న చెక్కతలుపులోంచి నిలువునా కిందికి వెళ్లిపోతాడు. తలుపు దబ్బున మూసుకుంటుంది. హీరో మడమతో ఒక్క తన్ను తన్ని గడియ బిగిస్తాడు. ఆ గడియ పడకపోతే, అదే తలుపు మీద నిలబడి విజయోపన్యాసం దంచే హీరోగారు కూడా రాకాసి వెనకాలే వెళ్లిపోతారు. మంచి గెలిచిందని చెప్పడానికి ఆ తర్వాత ఎవరూ మిగలరు.

పెళ్లి కాకముందు నుంచి చెవుల పక్కన జుట్టు నెరిసేదాకా అలా చస్తూ వచ్చిన మనిషిని నాటకం కంపెనీలో అందరూ రాకాసి అనే పిలుస్తారు. నిజానికి అతను నోట్లో నాలుక లేని మనిషి. కూరగాయల కొట్టువాడు మెత్తబడ్డ టమాటాలు తూచి ఇచ్చినా మారు మాట్లాడకుండా సంచిలో వేసుకుని, ఇంటికొచ్చి భార్య చేత చీవాట్లు తినే రకం. ఇన్నాళ్లూ అతన్ని చంపుతూ వచ్చినవాడు ఎవరో కాదు, తోడబుట్టిన అన్న. ఆయన్ని కంపెనీలో రాజావారంటారు. ఆయనకు పెళ్లి లేదు, పిల్లలు లేరు. కిరీటంతోనే కాపురం చేస్తున్నారని మరదలు వేళాకోళం చేస్తుంది. తమ్ముడి ఇంట్లో వీధివైపు గది ఆయనది.

నాటకం కథ చాలా చిన్నది. ఒక రాకాసి పగటిని మింగేస్తాడు. ఊరంతా చీకటి. జనం తలుపులు బిడాయించుకుని కూర్చుంటారు. దిక్కూ మొక్కూ లేని ఒక కుర్రాడు ఎక్కడినుంచో వచ్చి, గుహలో దూరి, రాకాసి పొట్ట చీల్చి పగటిని బయటికి తెస్తాడు. ఊరివాళ్లు అతని తలమీద కిరీటం పెడతారు. ఇంతే. ఇలాంటి కథ లేని దేశం ఉండదు. అయినా జనం వస్తూనే ఉంటారు, రాకాసి చస్తూనే ఉంటాడు, పసుపుపచ్చ దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ఆ దిక్కులేని కుర్రాడి వేషం రాజావారు అరవై దాటినా వేస్తూనే ఉన్నారు. మీసం అంటించుకుని వెలుగులోకి అడుగు పెట్టారంటే ఎవరికీ ఆయన వయసు గుర్తుకొచ్చేది కాదు.

ఇక రాకాసి దిగే గొయ్యి సంగతి చెప్పాలి. అది గొయ్యి అన్నమాటే గాని, బట్టల బీరువాను నేలమీద పడుకోబెడితే ఎంతుంటుందో అంత చోటు. అడుగున ఒక చిరుగుల పరుపు. ఒకప్పుడు ఆ గోతి పక్కగోడకు చిన్న ద్వారం ఉండేది, దాంట్లోంచి మెట్లమీదుగా వెనకవీధిలోకి వెళ్లిపోవచ్చు. హాలు కింద చెప్పుల దుకాణం పెట్టినాయన ఆ మెట్లను గోడౌనులో కలుపుకుని ద్వారానికి గోడ కట్టేశాడు. అప్పటినుంచి గోతిలో దిగినవాడు పైనుంచి గడియ తీస్తే తప్ప బయటపడే దారి లేదు. చుట్టూ కటిక చీకటి, కిందినుంచి తోలు వాసన, జిగురు వాసన. పైన చెక్కల సందులోంచి దారప్పోగంత వెలుగు. ఆ పోగువైపు చూస్తూ, నెత్తిమీద అన్న చెప్పే ఉపన్యాసం వింటూ, చప్పట్లన్నీ అయి తెర పడేదాకా రాకాసి కదలకుండా పడుకోవాలి.

ఎందుకంటే కంపెనీలో ఒక నియమం ఉంది. చచ్చినవాడు పలక్కూడదు. దగ్గకూడదు, మూలగకూడదు, ఒళ్లు కూడా విరుచుకోకూడదు. చప్పుడు చేశాడంటే చావు అబద్ధమైపోతుంది, చావు అబద్ధమైతే గెలుపూ అబద్ధమే. వయసులో ఉన్నప్పుడు ఒకసారి అతనికి గోతిలో తుమ్ము ఆగలేదు. హాలంతా గొల్లుమంది. అన్న మాత్రం తొణకలేదు. "చూశారా! పాపికి చచ్చాక కూడా జలుబు వదల్లేదు!" అన్నాడు. ఆ రోజు పడ్డన్ని చప్పట్లు మామూలు రోజున పడేవి కావు. అంత చురుకు మనిషి.

తెర పడగానే అన్న చేసే మొదటి పని గడియ తీయడం. కిరీటం నెత్తిమీద ఉండగానే వంగి, చెయ్యి కిందికి చాపి, "లేరా, బతికావు" అనేవాడు. "నీ దయ" అనేవాడు తమ్ముడు ఆ చెయ్యి పట్టుకుని పైకొస్తూ. రోజూ అదే మాట, అదే జవాబు. ఆ చెయ్యి కోసమే ఇన్నేళ్లూ చచ్చానని తమ్ముడికి ఒక్కోసారి అనిపించేది. మిగతాసార్లు, నిజం చెప్పొద్దూ, ఒళ్లు మండేది. ఆ ఉపన్యాసం తనకూ కంఠతా వచ్చు. గొంతు అన్నగొంతుకేం తీసిపోదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ కిరీటం పెట్టుకుని ఆ పసుపు వెలుగులో నిలబడి, "తెల్లవారింది!" అని అరిచి చావాలని అతని కోరిక. ఆ కోరిక భార్యకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు.

ఒక మ్యాట్నీ నాడు తెర పడింది. గడియ తీయలేదు.

రాకాసి ఎదురుచూశాడు. పైన అడుగుల చప్పుడు తగ్గింది. కుర్చీలు సర్దారు. చీపురు ఆ చివరినుంచి ఈ చివరకు వెళ్లింది. చివరికి సందులోని వెలుగుపోగు కూడా ఆరిపోయింది. ఇంకెవరైనా అయితే గావుకేకలు పెట్టేవారు. ఇతను పెట్టలేదు. గడియ తీసేదాకా ఇతని లెక్కలో నాటకం అయిపోనట్టే, నాటకం అయిపోకపోతే చచ్చినవాడు పలక్కూడదు. బుర్రలేని పనే, కాని అలవాటుకు బుర్రతో పనేముంది? ఊపిరి బరువెక్కింది. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టనిపించింది. సాయంత్రం ఆటకు ముందు ఊగుతున్న మెట్టుకు మేకు కొట్టడానికి వచ్చిన వడ్రంగి కాలికింద గోకుడు విని, ఎలకేమోననుకుని గడియ తీసి చూశాడు. చెమటలో తడిసి ముద్దయిన రాకాసి కనబడేసరికి సుత్తి కింద పడేసి, "ఇదేం ఖర్మయ్యా బాబూ!" అన్నాడు.

వేషంతోనే ఇంటికి పరుగెత్తాడు తమ్ముడు. అన్న భోజనం చేస్తున్నాడు. తలెత్తి, "ఎక్కడ తిరుగుతున్నావురా ఇంతసేపూ? మీ ఆవిడ కంగారు పడుతోంది" అన్నాడు. మొహంలో ఏ దాపరికమూ లేదు. గడియ తీయలేదన్న సంగతే ఆయనకు గుర్తు లేదని తమ్ముడికి అర్థమైంది. గడియ మాట తాను ఎత్తలేదు, భార్యకూ చెప్పలేదు.

ఆ తర్వాత ఉపన్యాసంలో మాటలు జారడం మొదలైంది. "తెల్లవారింది!" అని ఆయన గొంతెత్తేవాడు. అక్కడ ఆగిపోయేవాడు. ఆ ఆగడం మామూలు ఆగడం కాదని గోతిలో ఉన్నవాడికి ఒక్కడికే తెలుసు. అన్న మడమ చెక్కమీద రెండుసార్లు తట్టేది, అడుగుతున్నట్టు. తమ్ముడు సందుకు నోరు ఆనించి, "తలుపులు తెరవండి" అని గుసగుసగా అందించేవాడు. "తలుపులు తెరవండి! భయంతో మూసిన ప్రతి కిటికీ తెరవండి!" అని పైన అన్న అందుకునేవాడు. మళ్లీ ఆగేవాడు, మళ్లీ మడమ తట్టేది, మళ్లీ కిందినుంచి మాట. చచ్చినవాడు మాటలందిస్తే చంపినవాడు చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాడు. ఇంటికెళ్లాక ఇద్దరిలో ఎవరూ దాని ఊసెత్తేవారు కాదు.

కాని మేనేజరుకు పాము చెవులు. ఒకరోజు రాకాసిని టికెట్ల గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"తమ్ముడూ, నువ్వు కింద ఏం చేస్తున్నావో నాకు తెలుసు. తప్పనను. కాని ఎన్నాళ్లు? హీరో అంటే ఎవరయ్యా? ఆఖర్న నిలబడి ఉన్నవాడు. మీ అన్నయ్య నిలబళ్లేకపోతున్నాడు. నువ్వు కిందినుంచి పట్టుకుని నిలబెడుతున్నావు."

మేనేజరు టికెట్ల కట్ట పక్కకు జరిపాడు.

"ఆదివారం మ్యాట్నీకి హాలు ఓనరు వస్తాడు. రాజావారి మాటంటే ఆయనకి వేదం. నేను చెప్తే నమ్మడు, కళ్లారా చూడాలి. ఆ ఒక్కరోజు నువ్వు నోరు మూసుకుని పడుకో. నీ నియమమే కదా, చచ్చినవాడు పలక్కూడదని. సోమవారం నుంచి కిరీటం నీది. అన్నయ్య ఇంట్లో హాయిగా విశ్రాంతి తీసుకుంటాడు. ఎవరికి నష్టం?"

ఇంటికి వచ్చి భార్యకు చెప్పాడు, ఈసారి గడియ సంగతితో సహా. ఆమె చేతిలోని తడిగుడ్డ పిండి దండెం మీద వేసింది. తర్వాత, "బావగారు నిన్న పంపు విప్పి మర్చిపోయారండీ. ఇల్లంతా నీళ్లు. మొన్న సందు చివర నిలబడి ఏ ఇల్లు మనదో అని చూస్తున్నారు. ఎప్పుడో ఒకప్పుడు ఆపాల్సిందేగా?" అంది. ఆమె మాటలో తప్పేం లేదు. మేనేజరు మాటలోనూ తప్పు వెతకలేకపోయాడు. ఇంతమంది మంచి మాటలు చెబుతుంటే, తలూపడానికి తనకెందుకు మనసొప్పడం లేదో రాకాసికి అర్థం కాలేదు. కాదు, అర్థమైంది. వాళ్లు చెబుతున్నది అన్న మంచికి. తాను వింటున్నది మాత్రం కిరీటం కోసం.

ఆదివారం వచ్చింది. ఓనరు ముందు వరసలో కూర్చున్నాడు, పక్కన మేనేజరు. రాకాసి ఆ రోజు ఎప్పటికన్నా గొప్పగా చచ్చాడు. గోతిలో పడ్డాడు. పైన గడియ పడింది.

"తెల్లవారింది!" అన్నాడు అన్న.

మడమ రెండుసార్లు తట్టింది.

రాకాసి పిడికిలి నోట్లో కుక్కుకున్నాడు. చేతికి తొడిగిన తోలుగోళ్లు పెదవికి గుచ్చుకున్నాయి. మడమ మళ్లీ తట్టింది, ఈసారి కాస్త గట్టిగా. హాల్లో ఎవరో దగ్గారు. చెప్పేద్దామా అనుకున్నాడు, చెప్పకూడదనుకున్నాడు, కళ్లు గట్టిగా మూసుకుని సోమవారం గురించి ఆలోచించాడు. మూడోసారి మడమ తట్టలేదు. దాని బదులు మోకాళ్లు చెక్కకు తగిలిన చప్పుడు వినిపించింది. వెలుగుపోగుకు ఏదో అడ్డం వచ్చింది. అన్న మొహం.

"ఒరేయ్ చిన్నా."

అది రాజావారి గొంతు కాదు. ఇంట్లో గొంతు. చిన్నప్పుడు జ్వరమొస్తే పక్కలో కూర్చుని పిలిచే గొంతు.

"దెబ్బ తగిలిందేంట్రా? పలకవేం? నేనేనా కొట్టింది? నా చేతికి ఆ కత్తి ఎవరిచ్చారు? ఒరేయ్, నాన్న వస్తే ఏం చెప్పన్రా... మా తమ్ముణ్ణి నేనే చంపేశానండీ! ఎవరైనా రండి, మా తమ్ముణ్ణి నేనే చంపేశాను!"

కింద రాకాసి రాయైపోయాడు. పలకాలి. ఒక్కమాట చాలు. కాని ఆ కేకల మీద అన్నకు వినబడేలా పలికితే హాలంతా వింటుంది, ఓనరు వింటాడు, రాజావారికి మతి చలించిందని ఊరంతా తెలిసిపోతుంది. పలకకపోతే అన్న ఏడుపు. ఎటూ పాలుపోక అతను అలా ఉండగానే హాల్లో ఎవరో వెక్కివెక్కి ఏడవడం వినబడింది. ఇంకొకరు. తర్వాత చప్పట్లు, ముందు వరసలోంచే. ఆ చప్పట్లు మేనేజరువని రాకాసికి తెలుసు. మరుక్షణం హాలంతా లేచి నిలబడింది. అంత చప్పుడు ఆ కప్పు కింద ఎన్నడూ లేదు.

ఆ రోజు గడియ తీసింది వడ్రంగి. అన్న మేకప్ గదిలో అద్దం ముందు ఎర్రబడ్డ కళ్లతో కూర్చుని ఉన్నాడు. తమ్ముణ్ణి చూసి లేచి, భుజాలు, మెడ, మొహం తడిమి చూశాడు. "ఎక్కడికెళ్లావురా?" అన్నాడు. మేనేజరు చేతులు నలుపుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఇదయ్యా ముగింపు! ఇన్నాళ్లూ ఈ ఉపన్యాసం పట్టుకుని వేలాడాం! శత్రువు కోసం ఏడ్చే హీరో! అందులోనూ రాకాసి తన తమ్ముడేనట! ఓనరు కళ్లొత్తుకున్నాడు. ఏడాది పొడుగునా హాలు మనదే అన్నాడు. రేపటినుంచి రోజూ ఇదే."

"ఆయన నటించలేదు సార్" అన్నాడు రాకాసి.

"నాకు తెలీదా?" మేనేజరు గొంతు తగ్గించాడు. "అదే కదా దీని గొప్పతనం. రోజూ మర్చిపోతాడు, రోజూ కొత్తగా ఏడుస్తాడు. ఏ నటుడి వల్ల అవుతుంది? ఆయన పేరు నిలబడింది, మన పొట్ట నిలబడింది. నువ్వు చెయ్యాల్సిందల్లా పలక్కుండా పడుకోవడం. అది నీకు వచ్చిన పనేగా."

సోమవారం కిరీటం రాకాసికి రాలేదు. వచ్చింది గొయ్యే.

పత్రికలు రాశాయి. క్యూలు చెప్పుల దుకాణం దాటి వీధి మలుపు తిరిగాయి. ఒక కాలేజీ లెక్చరరుగారు నాటకం అయ్యాక రంగస్థలం ఎక్కి, పురాణాల్లోనూ కావ్యాల్లోనూ వీరుడనేవాడు ఎలా పుడతాడో విడమరిచి చెప్పారు. "శత్రువును గెలిచినవాడు యోధుడు మాత్రమే. ఆ గెలుపుకు ఏడ్చినవాడే వీరుడు. ప్రతి గొప్ప కథలోనూ చివరికి మిగిలేది ఇదే" అన్నారు. రాజావారి భుజమ్మీద శాలువా కప్పారు. రాజావారు వినయంగా నవ్వి, తమ్ముడి చెవిలో, "ఎవర్రా ఈయన? ఎవరు పోయారట?" అన్నారు.

లెక్చరరుగారిది మంచి మాటే, కాదనను. కాకపోతే ఆ ఏడుపును కిందినుంచి వింటే ఎలా ఉంటుందో ఆయన్నెవరూ అడగలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, రాకాసి సిగ్గుపడే సంగతి. మొదట్లో అతనికి ఆ ఏడుపు నచ్చింది. ఇన్నేళ్లూ తన చావుకు జనం ఈలలు వేశారు. ఇప్పుడు ఏడుస్తున్నారు. ఇన్నేళ్లూ అన్న తన శవం మీద నిలబడి ఊరితో మాట్లాడాడు. ఇప్పుడు ఊరిని మర్చిపోయి తనతోనే మాట్లాడుతున్నాడు. చీకట్లో పడుకుని, "మా తమ్ముడు ఎంత మంచివాడో మీకు తెలీదండీ" అని అన్న చెబుతుంటే, బతికుండగా ఎవరికీ దొరకని సుఖమేదో తనకు దొరికినట్టు కళ్లు మూసుకునేవాడు.

ఆ సుఖం ఎక్కువ కాలం నిలవలేదు. మేనేజరు ఒక్క విషయంలో పొరబడ్డాడు. రాజావారు ఏం జరిగిందో మర్చిపోయేవారు గాని, జరిగినదాని బాధను మర్చిపోలేదు. అది ఆయనతో ఇంటికి వచ్చేది. భోజనం ముందు కూర్చుని కదిలేవారు కాదు. కుళాయి కింద చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ వెళ్లి కడుక్కునేవారు. చర్మం పగిలి ఎర్రబడేదాకా కడిగేవారు.

"ఏమైంది అన్నయ్యా?"

"ఏదో పెద్ద తప్పు చేశాన్రా. ఏంటో గుర్తు రావడం లేదు. నువ్వేమైనా విన్నావా?"

"ఏ తప్పూ చెయ్యలేదు. నేను చెప్తున్నాగా."

"నీకు తెలీదులే" అని మళ్లీ కుళాయి దగ్గరికి వెళ్లేవారు.

ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట ఆయనకు ఎక్కేది కాదు. తప్పు జరిగిన చోటు వేరు. రంగస్థలం మీదికి తీసుకెళ్లి, తెర మూసి, దీపాలు ఆరి ఉన్న వేళ కూడా చెప్పి చూశాడు. ఉపయోగం లేకపోయింది. పోనీ అన్నను ఇంట్లో ఉంచేద్దామా అంటే, పంపు మర్చిపోయే మనిషి, ఇల్లు మర్చిపోయే మనిషి, ఆట వేళ మాత్రం మర్చిపోడు. బూట్లు వేసుకుని గుమ్మంలో సిద్ధం. ఒకసారి బయట తాళం వేస్తే, కిటికీ ఊచలు పట్టుకుని, "నన్నెందుకు పెట్టి మూశారు? నేనేం చేశాను?" అని వీధిలో పోయేవాళ్లను అడిగాడు. ఆ మాట విన్నాక రాకాసి మళ్లీ తాళం ముట్టుకోలేదు.

రాకాసి వెళ్లి మేనేజరు కాళ్లావేళ్లా పడ్డాడు. పాత ఉపన్యాసం పెట్టమన్నాడు, తాను కిందినుంచి అన్ని మాటలూ అందిస్తానన్నాడు.

"నువ్వు మానేస్తానంటే మానెయ్యి" అన్నాడు మేనేజరు, టికెట్ల కట్ట మీదినుంచి తలెత్తకుండా. "ఇంకో రాకాసిని పెడతాను. మీ అన్నయ్య వాడికోసం ఏడుస్తాడు. ఆ చెక్క కింద ఎవరున్నా ఆయనకి తమ్ముడే."

నిజమే. తాను వెళ్లిపోతే అన్న ఏడుపు ఆగదు, వినే తమ్ముడు లేకుండా పోతాడు, అంతే తేడా. రాకాసి మొహం మాడ్చుకుని ఇంటికి వచ్చాడు. భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. లోపల కుళాయి చప్పుడు.

"నేను చూడలేనండీ ఇంక" అంది. "కిరీటం వస్తుందంటే నేనూ ఆశపడ్డాను, నా మొహానికి. ఆయన పిలుస్తుంటే మీరు పలకట్లేదు కదండీ. రోజూ పిలిచి పిలిచి ఇంటికొస్తున్నారు. మనిషి పిలిస్తే పలకాలి కదా."

"పలికితే కంపెనీ ఉండదు."

"అది నాకూ తెలుసు" అంది ఆమె.

మర్నాడు మ్యాట్నీ. హాలు కిక్కిరిసిపోయింది. లెక్చరరుగారు తన విద్యార్థులందర్నీ వెంటబెట్టుకొచ్చి ముందు వరసలన్నీ నింపేశారు. రాకాసి కత్తివైపు చూశాడు, అన్నవైపు చూశాడు, జనంవైపు చూశాడు, రంకె వేసి కిందికి వెళ్లిపోయాడు. గడియ పడింది. జిగురు వాసన, చీకటి, వెలుగుపోగు.

"తెల్లవారింది!"

మోకాళ్ల చప్పుడు. ఇప్పుడు మడమ తట్టడం కూడా లేదు.

"ఒరేయ్ చిన్నా. పలకవేం రా? దెబ్బ తగిలిందా?"

హాల్లో అప్పుడే చేతిరుమాళ్లు తీస్తున్న అలికిడి. రాకాసి పెదవులు సందుకు ఆనించాడు. ఇన్నేళ్ల అలవాటు గొంతు మీద కూర్చుంది. ఒకసారి నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. పైన అన్న చెక్కను గోళ్లతో గీకుతున్నాడు. "ఎవరైనా రండి, మా తమ్ముణ్ణి నేనే..."

"ఇక్కడే ఉన్నాను అన్నయ్యా!"

గుసగుసగా అందామనుకున్నాడు. రంకెలాగే వచ్చింది. చివరి వరసదాకా వినబడింది.

గీకుడు ఆగింది.

"బతికే ఉన్నావా?"

"ఉన్నాను. నాకేం కాలేదు. తలుపు తియ్యి."

గడియ దొరక్క అన్న చేతులు చెక్కమీద అటూ ఇటూ వెతుకుతున్న చప్పుడు. "పక్కకు జరుగన్నయ్యా. కుడివైపు, నీ మోకాలి దగ్గర" అన్నాడు. గడియ కదిలింది. తలుపు తెరుచుకుంది. పసుపు వెలుగు ఒక్కసారిగా కళ్లలో పడి రాకాసికి ఏమీ కనిపించలేదు, వెలుగు మధ్యలోంచి చాచిన ఒక చెయ్యి తప్ప. ఎర్రగా పగిలిన చెయ్యి.

"లేరా, బతికావు" అన్నాడు అన్న.

"నీ దయ" అన్నాడు తమ్ముడు. ఆ చెయ్యి పట్టుకుని పైకొచ్చాడు.

కొమ్ములతో, తోకతో, పొట్టలో కత్తి అలాగే వేలాడుతుండగా రాకాసి రంగస్థలం మీద నిలబడ్డాడు. ముందు వరసలో ఒక కుర్రది కిసుక్కున నవ్వింది. వెనకనుంచి ఎవరో, "ఇదేం నాటకమండీ, చచ్చినవాడు లేచాడు!" అన్నారు. ఒక కుర్చీ టపామని మడతపడింది, ఇంకొకటి. లెక్చరరుగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. తెర పక్కన మేనేజరు రెండు చేతులూ తలమీద పెట్టుకుని కూలబడ్డాడు. ఇల్లు గడిచే దారి తన కళ్లముందే లేచి బయటికి నడిచి వెళ్తుండడం రాకాసి చూశాడు. భయమేసింది. చాలా భయమేసింది.

అన్న ఇవేవీ చూడలేదు. తమ్ముడి భుజాలు తడిమాడు, మెడ తడిమాడు, తోలుకొమ్ము పట్టుకుని ఊపి చూశాడు. మొహం తేటపడింది. చాలా రోజుల తర్వాత తేటపడ్డ మొహం అది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు హాలువైపు తిరిగి, గొంతు సవరించుకుని, ఆగి, మెల్లగా అడిగాడు.

"తర్వాతేంటిరా?"

తలుపులు తెరవండి, భయంతో మూసిన ప్రతి కిటికీ తెరవండి. ప్రతి మాటా రాకాసి నాలుక చివరనే ఉంది. అన్న చేత చెప్పించవచ్చు. తానే చెప్పవచ్చు, కావలసిన చోటే నిలబడి ఉన్నాడు, వెలుగు కూడా మొహం మీదే ఉంది.

"తర్వాతేం లేదన్నయ్యా. ఇంటికి వెళ్దాం పద."

చెయ్యెత్తి అన్న తలమీది కిరీటం తీశాడు. అతను అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. లోపలి తోలుపట్టీ చెమటకు నల్లబడి, అన్న నుదుటి మీద ఎర్రటి గాడి పడి ఉంది. కిరీటాన్ని గోతిలోని పరుపు మీదికి జారవిడిచి, తోలుగోళ్లు ఊడదీసి, బొటనవేలితో ఆ గాడిని మెల్లగా రుద్దాడు.

"నొప్పిగా ఉందా?" అని అడిగాడు.

"ఇప్పుడు లేదు" అన్నాడు అన్న.